బండి ఆగని స్టేషన్లు

కాచిగూడలో కర్నూలు వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే, ఉందానగర్ దాటిన దగ్గరి నుంచి పసుపుపచ్చ బోర్డులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. తిమ్మాపూర్, షాద్‌నగర్, బూర్గుల, బాలానగర్, రాజాపూర్, గొల్లపల్లి, జడ్చర్ల, దివిటిపల్లి. మహబూబ్‌నగర్ తర్వాత మన్యంకొండ, దేవరకద్ర, కౌకుంట్ల, కురుమూర్తి, వనపర్తి రోడ్, శ్రీరాంనగర్, గద్వాల. ఆ పైన ఇటిక్యాల, మానవపాడు, అలంపూర్ రోడ్. నాలుగైదు పేర్లు తీసేస్తే మిగతావాటి దగ్గర మీ బండి వేగం కూడా తగ్గించదు. బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ నాలుగు భాషల్లో రాసి ఉంటుంది గానీ ఒక్క భాషలో చదివేలోపే అది వెనక్కి పోతుంది.

ఆ మిగతావాటి గురించే ఈ వ్యాసం. మూతపడ్డ స్టేషన్లంటే కూలిన గోడలు, గబ్బిలాలు, పట్టాల మధ్య మొలిచిన తుమ్మచెట్లు అనుకుంటారు. ఫోటోలు తీసేవాళ్లకు అట్లాంటివే కావాలి. మా పాలమూరులో స్టేషన్లు ఆ తీరుగా మూతపడవు. గోడలకు సున్నం ఉంటుంది, బోర్డు ఉంటుంది, కొన్నిచోట్ల కొత్తగా ఎత్తు పెంచిన ప్లాట్‌ఫారం కూడా ఉంటుంది. మనకు పనికొచ్చే వేళకు ఆగే బండి మాత్రం ఉండదు. అధికారికంగా మూసిన స్టేషన్‌కు కనీసం ఒక ఉత్తర్వు ఉంటుంది, దాని మీద కొట్లాడొచ్చు. ఇట్లా బతికుండగానే మూతపడ్డ స్టేషన్‌కు ఆ కాగితం కూడా ఉండదు.

దక్షిణ తెలంగాణలో ముప్పై ఏళ్లుగా కొత్త లైన్ల కోసం ధర్నాలు చేస్తున్నాం, వినతిపత్రాలు ఇస్తున్నాం, ప్రతి బడ్జెట్ రోజునా టీవీ ముందు కూర్చుంటున్నాం. ఆ పట్టుదలలో పదో వంతు, ఉన్న స్టేషన్లలో బండి ఆపించడానికి పెట్టి ఉంటే ఎక్కువ మందికి ఎక్కువ మేలు జరిగేదని నా వాదన. కొత్త లైను వద్దని కాదు. లైను వచ్చాక కూడా మన ఊళ్లో బండి ఆగకపోతే ఆ లైను మన భూమిలోంచి పోయినా మనది కాదు.

అసలు ఈ స్టేషన్లు ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు పెట్టారో తెలిస్తే అవి ఎందుకు చచ్చిపోతున్నాయో కూడా తెలుస్తుంది.

ఇది నిజాం కాలంలో మీటర్‌గేజ్‌గా వేసిన లైను. కాచిగూడ స్టేషన్ భవనం 1916 నాటిది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతిలోంచి రైల్వేను తీసుకుంది, 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. 1990ల్లో మీటర్‌గేజ్ పీకేసి బ్రాడ్‌గేజ్ వేశారు. ఇన్ని చేతులు మారినా ఒకటి మాత్రం మారలేదు. ఉన్నది ఒకటే లైను, పోయే బండీ వచ్చే బండీ దాని మీదే నడవాలి.

అలా నడవాలంటే మధ్య మధ్యలో ఒక బండి పక్కకు తప్పుకునే చోటు ఉండాలి. కాబట్టి కొద్ది కిలోమీటర్లకొక లూప్ లైను, దానికొక స్టేషన్ మాస్టరు, పట్టాలు మార్చే పాయింట్స్‌మెన్ ఇద్దరు ముగ్గురు, క్వార్టర్లు, ఒక చేదబావి. ఊరు పెద్దదా చిన్నదా అని చూసి పెట్టిన స్టేషన్లు కావివి. బండికి అవసరం పడ్డచోట పెట్టారు, జనం తర్వాత వచ్చి చేరారు. షాద్‌నగర్ పాత ఊరు ఫరూఖ్‌నగర్. హైదరాబాద్ సంస్థాన ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ కలంపేరు ‘షాద్’ మీదుగా వచ్చిన కొత్త పేరే ఇవాళ అందరికీ తెలుసు. జడ్చర్లలో రైలు పక్కనే బాదేపల్లి మార్కెట్ పెరిగింది. పల్లికాయ, ఆముదాలు ఎడ్లబండ్ల మీద అక్కడికే వచ్చేవి.

మా పెదనాయన ఈ లైన్లోనే పాయింట్స్‌మన్. సెలవులొస్తే ఆయన క్వార్టర్‌కు పోయేవాళ్లం. మాస్టరు గదిలో గోడవారగా రెండు ఇనప పెట్టెలు ఉండేవి, ఒకటి ఇటు పక్క స్టేషన్‌కు, ఒకటి అటు పక్క స్టేషన్‌కు. మాస్టరు గంట కొట్టి అవతలి మాస్టరుతో మాట్లాడేవాడు. అవతలాయన అక్కడ ఒప్పుకుంటేనే ఇక్కడి పెట్టెలోంచి ఒక ఇనప గుండు దొర్లి బయటికొచ్చేది. దాన్నే టోకెన్ అంటారు. ఒక గుండు బయట ఉన్నంతసేపు ఆ రెండు స్టేషన్లలో దేంట్లోంచీ ఇంకో గుండు రాదు. అంటే ఆ రెండు స్టేషన్ల నడుమ ఒకేసారి రెండు బండ్లు ఉండే వీలు లేదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద రింగుకు కట్టి, పెదనాయన పట్టాల పక్కన చెయ్యి చాచి నిలబడేవాడు. ఇంజన్‌లోంచి ఒకాయన వంగి, రింగులోకి చెయ్యి దూర్చి గుంజుకునేవాడు. తన దగ్గరున్న పాత రింగును విసిరేసేవాడు. అది కంకర మీద ఎగిరెగిరి పడి ఎక్కడో ముళ్లపొదలో ఆగేది. దాన్ని వెతికి తెచ్చే పని మా పిల్లలది. తోలు సంచికి కిరసనాయిలు, చెమట కలిసిన వాసన ఉండేది.

ఆ గుండు చేతికి అందందే ఎంత పెద్ద బండైనా ముందుకు పోవడానికి లేదు. క్రాసింగ్ పడిందంటే, అంటే ఎదురు బండికి దారి ఇవ్వాల్సి వచ్చిందంటే, టైంటేబుల్‌లో మా స్టేషన్ పేరు లేని బండి కూడా మా దగ్గర ఆగాల్సిందే. తిరుపతి పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ అప్పుడు మీటర్‌గేజ్ మీదే నడిచేది. అది ఆగినప్పుడు చిన్న ఊళ్ల జనం ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. అదేమీ హక్కు కాదు, సందు దొరికింది కాబట్టి వాడుకున్నారు. కానీ ఆ సందు మీదే కాలేజీ చదువులు, ఆస్పత్రి పనులు, పట్నంలో కూలి పనులు నడిచాయి.

2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ రెండో లైనును, కరెంటు లైనును ప్రధాని జాతికి అంకితం చేశారు. 85 కిలోమీటర్లు, దాదాపు 1,410 కోట్ల రూపాయలు. మంచిదే. ఎంతోకాలంగా అడిగిందే. రెండో లైను పడ్డాక క్రాసింగ్ అనే మాటే లేకుండా పోయింది. పోయే బండి పోయే లైన్లో, వచ్చే బండి వచ్చే లైన్లో. ప్రయాణం తగ్గింది, ‘సిగ్నల్ ఇయ్యలే’ అనే తిట్లు తగ్గాయి. దాంతోపాటే గొల్లపల్లి, రాజాపూర్, బూర్గుల వంటి స్టేషన్లతో బండికి ఉన్న అవసరం కూడా తీరిపోయింది. బండి అవసరం కోసం పుట్టిన స్టేషన్, ఆ అవసరం తీరాక మనుషుల అవసరం కోసం కొనసాగాలంటే ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. అడిగినవాళ్లు లేరు. అందరం ప్రారంభోత్సవం ఫోటోల్లో ఉన్నాం.

బూర్గుల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. హైదరాబాద్ రాష్ట్రానికి 1952లో ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుది ఆ ఊరే. ముఖ్యమంత్రి ఊరని అక్కడ బండ్లు ఆపమని నేను అనను. ఊరికి ఎంత పేరున్నా అక్కడ బండి ఆగుతుందనే భరోసా లేదని మాత్రం అంటున్నా.

ఈ దారిలో మరిచిపోయింది స్టేషన్లనే కాదు. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి బండి పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులోని అరియలూర్ దగ్గర ఇంకో ప్రమాదం జరిగాక ఇచ్చిన రాజీనామాను ఆమోదించారు. నైతిక బాధ్యత గురించి ఉపన్యాసం ఇచ్చే ప్రతి నాయకుడూ శాస్త్రి పేరెత్తుతాడు. ఆ కథ మా పాలమూరు వాగు దగ్గర మొదలైందని చెప్పేవాళ్లు తక్కువ. మహబూబ్‌నగర్‌లో చదువుకున్న నేను కూడా ఈ సంగతి ఢిల్లీ వాళ్లు రాసిన వ్యాసంలో చదివి తెలుసుకున్నా. మా బళ్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. చిన్న స్టేషన్ గురించి ఎప్పుడు అడిగినా వచ్చే జవాబు ఒకటే: ఆదాయం లేదు. ఆ ఆదాయాన్ని ఎట్లా లెక్కగడతారు? ఆ స్టేషన్ కౌంటర్‌లో తెగిన టికెట్లను బట్టి. బాలానగర్ సీతాఫలాన్ని తీసుకోండి. దేశంలో సీతాఫలం తోటలు పెట్టేవాళ్లందరికీ ‘బాలానగర్’ అనే రకం తెలుసు. అది మా బాలానగరే. దసరా ముందు నుంచి దీపావళి దాకా గుట్టల్లో కాయ తెంపుకొచ్చిన ఆడవాళ్లు గంపల నిండా పెట్టుకుని, పైన ఆకులు కప్పి, తెల్లవారుజాము ప్యాసింజర్‌కు పట్నం పోయేవాళ్లు. గంప గంపకూ మధ్య కాళ్లు పెట్టే సందు ఉండేది కాదు. పండిన కాయ పొద్దెక్కేసరికి నలిగి పగిలి కారుతుంది కాబట్టి దోరకాయ వేరు, పండు వేరు సర్దేవాళ్లు, పండు గంప ఒళ్లో పెట్టుకునేవాళ్లు. బోగీ అంతా ఆ తీపి వాసన. ఒకసారి నా పక్కన కూర్చున్న ఒక అవ్వను టికెట్ ఎంత అని అడిగితే, ‘‘పోంగ ఈడ తీస్త బిడ్డా, రాంగ ఆడ తీస్త. కాయ అమ్మకముందు రెండు టికెట్ల పైసలు యాడియి?’’ అంది. అంటే ఆమె పొద్దున ఇచ్చిన పైసలు బాలానగర్ లెక్కలో, సాయంత్రం ఇచ్చిన పైసలు కాచిగూడ లెక్కలో పడతాయి. ఆమె చేసిన ప్రయాణం మొత్తం బాలానగర్ వల్లనే. లెక్క మాత్రం సగమే కనిపిస్తుంది.

జడ్చర్లలో నెల పాస్ తీసుకుని గొల్లపల్లిలో ఎక్కేవాడి లెక్క ఎక్కడ పడుతుంది? కౌంటర్ మూసి ఉందని టికెట్ లేకుండానే ఎక్కి, దిగేచోట భయం భయంగా గేటు దాటేవాడి లెక్క ఎక్కడ? హాల్ట్ స్టేషన్లలో టికెట్లు అమ్మేది రైల్వే ఉద్యోగి కాదు, కమీషన్ మీద పనిచేసే ఊరి మనిషి. టికెట్లు ముందే డబ్బు కట్టి తెచ్చుకుంటాడు, అమ్మితే కొద్దిపాటి కమీషన్ మిగులుతుంది. ఆగే బండ్లు రెండు నుంచి ఒకటి అయ్యాయంటే అతనికి చాయ్ ఖర్చు కూడా రాదు. ఏజెంటు మానేస్తాడు. ఏజెంటు లేడు కాబట్టి టికెట్లు తెగవు. టికెట్లు తెగలేదు కాబట్టి ఆదరణ లేదని రాస్తారు. ఆదరణ లేదు కాబట్టి ఆ మిగిలిన బండి కూడా ఆపరు. స్టేషన్లు ఈ క్రమంలోనే చస్తాయి. ఏ మెట్టు దగ్గర చూసినా ఎవరి తప్పూ కనిపించదు, అందరూ రూలు ప్రకారమే చేశారు.

కోవిడ్ ఈ పనిని తొందర చేసింది. 2020 మార్చిలో ప్యాసింజర్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ మొదలైనప్పుడు అవే పాత బండ్లు ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చుకుని వచ్చాయి, కనీస చార్జీ పది రూపాయల నుంచి ముప్పై అయ్యింది. పది రూపాయలు పెట్టి పక్క మండలానికి పోయే కూలి మనిషి ముప్పై పెట్టి పోడు, షేర్ ఆటో ఎక్కుతాడు. 2024 ఫిబ్రవరిలో చార్జీ మళ్లీ పదికి దించారు. కానీ నాలుగేళ్లలో అలవాటు తప్పినవాళ్లను చార్జీ దించినంత తేలికగా వెనక్కి తేలేరు. అన్నింటికన్నా ఎక్కువ నష్టం వేళల వల్ల జరిగింది. పొద్దున ఆరున్నరకు ఆగాల్సిన బండి పదిన్నరకు ఆగితే ఆ స్టేషన్‌లో బండి ఆగుతున్నట్టే లెక్క. కానీ డ్యూటీకి పోయేవాడికి అది ఆగనట్టే.

‘‘బస్సులున్నాయి కదా’’ అని మీరంటారు. మా ఇంట్లో కూడా అంటారు. నిజమే. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా రైలు పక్కనే 44వ నంబర్ జాతీయ రహదారి ఉంది, నిమిషానికో బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. సీతాఫలం గంపల అవ్వలు ఇప్పుడు బస్సే ఎక్కుతారు, ఎక్కాలి కూడా. హైవేకు ఆనుకుని ఉన్న రాజాపూర్ వంటి చోట పొద్దస్తమానం ప్యాసింజర్లు ఆపాలని నేను కొట్లాడను. అక్కడ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సరైన వేళకు ఆగితే చాలు. అన్ని స్టేషన్లనూ ఒకే గాటన కట్టి ‘మా స్టేషన్ మాకు కావాలె’ అనడం వల్లే మన మాటకు విలువ లేకుండా పోతోంది.

జడ్చర్ల దాటాక కథ వేరు. హైవే భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లికి పోతుంది. రైలు మహబూబ్‌నగర్, దేవరకద్ర మీదుగా గద్వాలకు పోతుంది. నడుమ పడ్డ కౌకుంట్ల, కురుమూర్తి వైపు ఊళ్లకు హైవే బస్సులు అందవు, మారి మారి పోవాలి. అక్కడ రైలుకు బదులు బస్సు అనడానికి లేదు. కార్తీకంలో కురుమూర్తి స్వామి జాతరకు, ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవానికి లక్షల్లో జనం వస్తారు. ఆ స్వామి పేరుతోనే స్టేషన్ ఉంది. జాతర రోజుల్లోనైనా పొద్దుటి నుంచి రాత్రి దాకా ప్రతి బండీ అక్కడ రెండు నిమిషాలు ఆగాలన్నది ఇవాళ కొత్తగా అడగాల్సిన విషయం కాకూడదు. మన్యంకొండను పేదల తిరుపతి అంటారు, అక్కడా అదే సంగతి.

దివిటిపల్లి సంగతి ఇంకా విచిత్రం. అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023లో అక్కడే శంకుస్థాపన చేశారు. ఐటీ టవర్ అక్కడే. ఇటు జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలు మూడు షిఫ్టులు నడుస్తాయి. షిఫ్టు మనుషులను తెచ్చేందుకు కంపెనీ బస్సులు హైవే మీద బారులు తీరుతాయి. పక్కనే రెండు లైన్ల రైలు, కరెంటు తీగ, ప్లాట్‌ఫారంతో సహా స్టేషన్ ఉంది. అదే 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌ను ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా పొడిగించారు. అక్కడి నుంచి షాద్‌నగర్‌కైనా పొడిగించండని అడుగుతూనే ఉన్నారు. నన్నడిగితే జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా షిఫ్టు వేళలకు నాలుగు డెమూలు (దగ్గరి దూరాలకు నడిచే చిన్న బండ్లు) తిప్పాలి. కొత్తగా ఒక్క ఎకరం భూమి సేకరించనక్కర్లేదు.

ఇక ‘రోడ్’ స్టేషన్లు. వనపర్తి రోడ్ అంటే వనపర్తి కాదు. స్టేషన్ మదనాపురం దగ్గర ఉంది, వనపర్తి పట్నానికి అక్కడి నుంచి ఇంకో బండి ఎక్కాలి. అలంపూర్ రోడ్‌లో దిగి జోగులాంబ గుడి ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు నవ్వుకుంటారు. నారాయణపేట్ రోడ్ మరీ అన్యాయం, అది రాష్ట్రంలోనే లేదు. కర్ణాటకలో సైదాపూర్ దగ్గర, వాడి–రాయచూర్ లైన్ మీద ఉండేది. చీరలకు పేరుపడ్డ నారాయణపేటకు పోవాలంటే పక్క రాష్ట్రంలో దిగి రావాల్సి వచ్చేదన్నమాట. లైను వేసినప్పుడు ఊళ్లోకి తేలేదు, సరే. వందేళ్ల తర్వాత కూడా రైలు వేళకు ఒక ఆర్టీసీ బస్సు స్టేషన్ ముందు నిలబడి ఉండే ఏర్పాటు చెయ్యలేకపోయామంటే తప్పు నిజాందా? తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ వచ్చే టైమూ, వనపర్తి డిపో బస్సు టైమూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే అయ్యే పని ఇది. రైల్వే ఢిల్లీది, ఆర్టీసీ హైదరాబాద్‌ది. ఈ రెండూ ఒకే కాగితం మీదికి రావాలంటే కలెక్టర్ ఒక మీటింగ్ పెట్టాలి.

కొత్త లైన్ల మోజు ఎంత ఖరీదైందో చెప్పడానికి మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైను చాలు. 1997–98 బడ్జెట్‌లో మంజూరైంది. దేవరకద్ర నుంచి మరికల్, జక్లేర్, మక్తల్, మాగనూరు మీదుగా కృష్ణ దాకా, అంటే తెలంగాణలో ఉన్న అరవై పైచిలుకు కిలోమీటర్లు పూర్తి కావడానికి పాతికేళ్లు పట్టింది. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో జక్లేర్–కృష్ణ ముక్కను ప్రారంభించి, కాచిగూడ–రాయచూర్ బండికి జెండా ఊపారు. నారాయణపేట జిల్లాలోని వెనుకబడిన ప్రాంతాలు తొలిసారి రైలు పటం ఎక్కాయని ప్రకటనల్లో రాశారు. మక్తల్ వరకు అది నిజం, మక్తల్ వాళ్ల సంతోషం కూడా నిజం. కానీ అదే జిల్లాలో ఉన్న కృష్ణ స్టేషన్ 1871లో కలిసిన బొంబాయి–మద్రాసు లైన్ మీద ఉంది. బొంబాయి, పుణె బిల్డింగ్ పనులకు పోయే పాలమూరు కూలీలకు ఆ స్టేషన్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు, మూట నెత్తిన పెట్టుకుని వాళ్లు ఆ దారినే పోయారు. దేశమంతా డ్యాములు కట్టినవాళ్లు ఎక్కిన స్టేషన్ మన ప్రకటనల్లో లెక్కకు రాలేదు.

గద్వాల–రాయచూర్ లైను 2013లో వచ్చింది. గద్వాల–మాచర్ల వస్తుందని వనపర్తి, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, దేవరకొండ వాళ్లు తరాలుగా ఎదురుచూస్తున్నారు. నల్లగొండ–మాచర్ల కూడా 1997–98లోనే కాగితం మీదికి వచ్చింది, ఇప్పటికీ ఆ కాగితం మీదే ఉంది. సూర్యాపేట జిల్లా కేంద్రం, హైవే మీద అంత పెద్ద ఊరు, దానికి స్టేషన్ లేదు. వీటిని నేను తీసిపారెయ్యడం లేదు. సూర్యాపేట వాళ్లు ఉన్న స్టేషన్‌ను బాగుచేసుకోవాలంటే అసలు స్టేషనంటూ ఉండాలి కదా.

నల్లగొండ సంగతి పాలమూరు కన్నా ఆలస్యం, పాలమూరు కన్నా అత్యవసరం. నిజాం రైలు ఆ పాత జిల్లా ఉత్తరపు అంచున భువనగిరి, ఆలేరు మీదుగా పోయింది, నల్లగొండ పట్నానికి రాలేదు. బీబీనగర్–నడికుడి లైను 1980ల చివర్లో గానీ పూర్తిగా అందలేదు. వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, తిప్పర్తి, కుక్కడం, మిర్యాలగూడ, కొండ్రపోలు, విష్ణుపురం. హైదరాబాద్ నుంచి గుంటూరు పోయే పెద్ద బండ్లు చాలావరకు ఈ దారినే పోతాయి, చిన్న ఊళ్లలో క్రాసింగ్ కోసం తప్ప ఆగవు. ఈ లైను ఏళ్ల తరబడి గుంటూరు డివిజన్ కింద నడిచింది. తిప్పర్తిలో బండి ఆపమని అడగాలంటే కృష్ణా నది దాటి గుంటూరు పోయి అడగాల్సి వచ్చేది. ఎవరు పోతారు?

2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ గుంటూరు–బీబీనగర్ రెండో లైనుకు ఒప్పుకుంది. అదే రోజు మహబూబ్‌నగర్–డోన్ రెండో లైనుకు కూడా ఒప్పుకుంది. నా కంగారంతా ఇక్కడే. షాద్‌నగర్–మహబూబ్‌నగర్ మధ్య జరిగిందే ఇప్పుడు కుక్కడంలో, కొండ్రపోలులో, కౌకుంట్లలో, ఇటిక్యాలలో, మానవపాడులో జరగబోతోంది. క్రాసింగ్ పోతుంది, క్రాసింగ్‌తోపాటే ఆగే బండీ పోతుంది. ఇంకోపక్క కేంద్రం అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద మహబూబ్‌నగర్, నల్లగొండ స్టేషన్లకు కొత్త ముఖాలు కడుతున్నారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, పెద్ద పార్కింగ్. పెద్ద స్టేషన్ మెరిసేకొద్దీ చుట్టుపక్కల చిన్న స్టేషన్ల జనం ఆటో ఎక్కి అక్కడికే రావాలన్నది చెప్పకుండా చెబుతున్న మాట. ఆ ఆటో చార్జీ రైలు టికెట్ కన్నా ఎక్కువ.

‘‘ప్రతి ఊళ్లో ఆపుకుంటూ పోతే అది ఎక్స్‌ప్రెస్ ఎట్లయితది?’’ అని నాతో వాదించిన ఒక రైల్వే మిత్రుడున్నాడు. బండి ఒకసారి ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి నాలుగైదు నిమిషాలు పోతాయి, కరెంటు పోతుంది, వెనక వచ్చే బండి ఆగుతుంది. ఆయన చెప్పింది సరైందే. అందుకే నేను ఎక్స్‌ప్రెస్‌లను ఆపమనడం లేదు. రెండో లైను వేసింది ఎక్కువ బండ్లు నడపడానికే అయితే, ఆ ఎక్కువ బండ్లలో రెండో మూడో మా కోసం నడిచే చిన్న బండ్లు అయి ఉండాలి. వేగం అంతా దూరపువాళ్లకు, దుమ్మంతా దగ్గరివాళ్లకు అంటే ఎట్లా? భూమి ఇచ్చింది దగ్గరివాళ్లే. ఈ మాటకు ఆయన చాయ్ తాగి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడని చెప్పను.

కాబట్టి కౌకుంట్ల, కురుమూర్తి, ఇటిక్యాల, మానవపాడు, తిప్పర్తి, కుక్కడం ఊళ్లవాళ్లు ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటుంది. రెండో లైను పనులు పూర్తయ్యేదాకా ఆగకుండా, పూర్తయ్యాక మీ స్టేషన్లో ఏ బండి ఏ వేళకు ఆగుతుందో రాతపూర్వకంగా చెప్పమని డివిజనల్ మేనేజర్‌ను అడగాలి. డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సంప్రదింపుల కమిటీ ఉంటుంది, డీఆర్‌యూసీసీ అంటారు. దాంట్లో మీ జిల్లా నుంచి ఎవరున్నారో కనుక్కోండి, ఎజెండాలో మీ స్టేషన్ పేరు రాయించండి. ఎంపీకి ఇచ్చే వినతిపత్రంలో కొత్త లైను మాట రెండో పేజీలో రాసి, మొదటి పేజీలో ఈ వేళలు రాయండి. ఊళ్లో ఎంతమంది పట్నం డ్యూటీకి పోతారు, ఎన్ని గంటలకు పోతారు, ఎంతమంది పిల్లలు మహబూబ్‌నగర్, నల్లగొండ కాలేజీలకు పోతారు అని ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్కను దానికి జత చెయ్యండి. ఆదాయం లేదనే జవాబుకు ఎదురు చెప్పగలిగేది ఆ లెక్క ఒక్కటే. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ టికెట్ మీ స్టేషన్ నుంచే తెగాలి, రానూపోనూ ఒకేసారి తీసుకోండి. కౌంటర్ మూసి ఉంటే ఫోన్‌లో తీసుకోండి.